పందెం కారు వెనుక డాక్టరు, మన ఆటో వెనుక ఎవరు?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. ప్రమాదం జరిగితే మిగతా కార్లను నెమ్మదింపజేయడానికి పోర్షే టైకాన్ సేఫ్టీ కారును సిద్ధంగా ఉంచారు. ఇలాంటి కారుకు పైన హెచ్చరిక దీపాలు, లోపల కంట్రోల్ రూముతో మాట్లాడే రేడియో ఉంటాయి. ఫార్ములా వన్‌లో దీనికి తోడు మెడికల్ కారు కూడా ఉంటుంది. అందులో డాక్టరు, గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, కాలిన గాయాలకు కట్లు, మంటలార్పే సిలిండరు ఉంటాయి. మొదటి చుట్టులో అది పందెం కార్ల వెనుకే వెళ్తుంది. అందుకే 2020లో బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు మంటల్లో చిక్కినప్పుడు డాక్టరు క్షణాల్లో చేరుకోగలిగారు. గ్రోజాన్ ప్రాణాలతో బయటపడ్డారు.

మచిలీపట్నం–గుడివాడ రోడ్డులోనూ, దివిసీమ కాలువ గట్లపైనా మన వెనుక అలాంటి కారు రాదు. 108 వచ్చేవరకు పక్కనున్నవారే దిక్కు. కాబట్టి ప్రతి ఆటోలో, స్కూలు బస్సులో ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని మేము కోరుతున్నాము. పెట్టె ఒక్కటే చాలదు. వార్డులో ఎమర్జెన్సీ ట్రేను మేము ప్రతి డ్యూటీలో సరిచూస్తాము. అలాగే ఈ పెట్టెనూ నెలనెలా తెరిచి చూడాలి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టడం డ్రైవరు నేర్చుకోవాలి. కేసులవుతాయని భయపడకండి. సాయం చేసినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తోంది.