ప్రాసెసరు కొనుటకు ముందు

మన పాఠశాలలో చదివి వెడలినవారిలో కొందఱు నేడు కంప్యూటరుమీద బొమ్మలు కట్టి జీవించుచున్నారు. కట్టబోవు ఇంటికి ముందుగనే రూపచిత్రము తీయువారు కలరు. వివాహపు వీడియోలకు హంగులు చేర్చువారు కలరు. ఇంకను పై తరగతులలోనే యుండి యీ విద్యయందు మనసు నిలిపినవారును కలరు. వీరందఱి నోటను వినవచ్చు మొఱ యొక్కటియే: "రెండరింగు తెమలుట లేదు." ఆ మొఱవెంట నింటిలో నొక కోరిక బయలుదేఱును. కొత్త ప్రాసెసరు కావలెను. దానికి తగిన తక్కిన సామగ్రియు కావలెను. అన్నిటికి కలిపి లక్ష రూపాయలు కావలెను. వేరుశనగ విత్తిన పిమ్మట మింటివంక చూచుచు కూర్చుండు బెళుగుప్పలో లక్ష రూపాయలన నెంతటిదో తలిదండ్రులకు మేము చెప్పవలసిన పనిలేదు. అనేక గృహములందు అది తల్లి మెడలోని గొలుసు. కావున నీ విషయమున మా యభిప్రాయమును దాపరికము లేక వ్రాయుచున్నాము. పని యెచ్చట నిలిచిపోవుచున్నదో కొలిచి చూడక ప్రాసెసరు కొనుట తగదు. కొలిచి చూచినవారిలో ననేకులకు, అంగడిలోని మిక్కిలి ప్రియమైన దానితో పని యుండదు.

రెండరింగన నేమో యెఱుగని పెద్దలకొఱకు నాలుగు మాటలు. నిమ్మలకుంట తోలుబొమ్మలవారు తెరవెనుక దీపము పెట్టి బొమ్మ నాడింతురు. వెలుగు తనంతట తానే తోలుగుండ వచ్చి తెరమీద రంగై పడును. వారు లెక్క వేయనక్కఱలేదు. కంప్యూటరున కా భాగ్యము లేదు. దానిలో నున్నవి యంకెలు మాత్రమే. కంటికి చేరు కిరణము ఏ నేలకు తగిలి, ఏ గోడకు తగిలి, ఏ దీపమునుండి వచ్చినదో వెనుకకు నడచి గణించి, ప్రతి చుక్కకును రంగు తేల్చవలెను. చలనచిత్రమునకు సెకనుకు 24 బొమ్మలు, నిమిషమునకు 1,440. ఒక్కొక్క బొమ్మకు ఐదు నిమిషములు పట్టినచో, నిమిషము చిత్రమునకు 120 గంటలు, అనగా ఐదు రేయింబవళ్లు గడచును. 1995లో వెలువడిన 'టాయ్ స్టోరీ' చిత్రమునందు 1,14,240 బొమ్మలకు యంత్రములు పనిచేసిన కాలము మొత్తము 8 లక్షల గంటలు. ఒక్క యంత్రమే చేసియుండిన తొంబది యేండ్లు దాటియుండును. 117 యంత్రములు పంచుకొన్నవి. 2012లో మన తెలుగువారు చూచి మురిసిన 'ఈగ' యందలి యీగయు హైదరాబాదులోని మకుట శాలలో నిట్టి గణనము వలననే రెక్కలాడించినది.

పంచుకొనుట యను మాటలోనే ప్రాసెసరు మర్మమంతయు నున్నది. ఒక్క ప్రాసెసరులో కోర్లు అనబడు పనివాండ్రు పెక్కుమంది యుందురు. వేరుశనగ చెట్లు పెఱుకునపుడు పదిమంది కూలీలు పది సాళ్లు పట్టుదురు. ఇరువదిమంది వచ్చినచో పని సగము కాలమున ముగియును. ఒకరి సాలుతో నొకరికి నిమిత్తము లేదు. రెండరింగు అట్టిదే, బొమ్మను చిన్న గడులుగ చీల్చి కోర్లకు పంచవచ్చును. కాని బావికి కపిల యొక్కటే యైనపుడు, గట్టుమీద పదిమంది నిలిచినను నీరు పదింతలు రాదు. ఇంటి నమూనా కట్టునపుడు గోడ జరుపుట, కిటికీ త్రిప్పుట మొదలగు పనులలో అధికభాగము కపిల వంటివి. స్కెచప్ వంటి సాధనములలో నొక్క కోరే పనిచేయుచుండ తక్కినవి చేతులు కట్టుకొని యుండును. అచట కావలసినది కోర్ల సంఖ్య గాదు, ఒక్కొక్క కోరు వడి.

1967లో జీన్ ఆమ్డాల్ అను అమెరికా యంత్రనిర్మాత యీ సంగతిని వివరించెను. పనిలో పదింట తొమ్మిది పాళ్లు పంచుకొనదగినదై, ఒక పాలు ఒంటిగ జరుగవలసినదైనచో, 8 కోర్లతో వేగము 8 రెట్లు గాక సుమారు 4.7 రెట్లే యగును. 16 కోర్లతో 6.4 రెట్లు, 64 కోర్లు పెట్టినను 8.8 రెట్లు. ఎన్ని కూర్చినను పది రెట్లు కానేరదు. ఒక బొమ్మకు గంటలు పట్టు గొప్ప చిత్రములయందు ఆ ఒంటిపాలు మిక్కిలి స్వల్పము గనుక వారికి 64 కోర్లును చెల్లును. మనవారి పని వేఱు. బొమ్మకు పట్టు 40 సెకనులలో 15 సెకనులు దృశ్యమును కూర్చుకొనుటకే పోవుచుండిన, కోర్లు ఇనుమడించినను 40 సెకనులు 20 కావు. 27 పైచిలుకు మాత్రమే. ఈ లెక్క అంగడిలో నెవ్వరును చెప్పరు.

అంగడిలో చెప్పబడు సంఖ్యలను గూర్చియు నొక మాట. "ముప్పదిరెండు" అని విక్రేత యనినచో అవి కోర్లా, థ్రెడ్లా యని యడుగవలెను. ఇంటెల్‌వారు 2023లో తెచ్చిన కోర్ ఐ9-14900కె యందు కోర్లు 24. వానిలో పెద్దవి 8, చిన్నవి 16. ఎనిమిది ఎద్దులును పదునాఱు కోడెదూడలును గల మందను ఇరువదినాలుగు ఎద్దులని యెవడైన కొనునా? దూడలకును పనియున్నది, నిజమే. వెల కట్టునపుడు మాత్రము భేద మెఱుగవలెను. పాతది కొనదలచినవారు మఱియొకటి తెలిసికొనవలెను. 13, 14 తరముల ఇంటెల్ ప్రాసెసర్లలో వడి గలవి కొన్ని అధిక వోల్టేజివలన చెడుచున్నవని 2024లో తేలగా, ఆ సంస్థయే సవరణము విడుదల చేసి హామీకాలమును రెండేండ్లు పొడిగించినది.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న వేఱొకటి కలదు: మీ రెండరింగు నిజముగ ప్రాసెసరుమీద నడచుచున్నదా? కరోనా అను రెండరరు ప్రధాన ప్రాసెసరుమీదనే పనిచేయును. దానికి కోర్లే ప్రాణము. లూమియన్ పనియంతయు గ్రాఫిక్సు కార్డుమీద పడును. వెల లేకయే దొరకు బ్లెండరులోని సైకిల్స్ రెంటిమీదను నడచును. మంచి కార్డు ఉన్నచో దానిమీదనే త్వరగ నడచును, దృశ్యము కార్డు మెమరీలో ఇమిడినంతవఱకు. లూమియన్‌తో పనిచేయువాడు ప్రాసెసరుకై గొలుసు తాకట్టు పెట్టించుట, ఇంజను చెడిన మోటారుసైకిలునకు చక్రములు మార్చుట వంటిది. తెలిసికొనుట కష్టము గాదు. రెండరింగు నడచునపుడు టాస్క్ మేనేజరు తెఱచి చూడవలెను. కోర్లన్నియు నూఱుపాళ్లు పనిచేయుచుండిన ప్రాసెసరే కొఱత. అవి ఖాళీగ నుండి మెమరీ నిండిపోయియుండిన, కొనవలసినది మెమరీ. దానికి లక్ష పట్టదు.

ప్రాసెసరే మార్చవలసివచ్చినను, అది కూర్చుండు గూడు చూడక ముందడుగు వేయరాదు. ఇంటెల్ 14వ తరపు మదర్‌బోర్డులో 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 తరము ఇమడదు; బోర్డును మార్చవలెను. ఏఎమ్‌డీవారి ఏఎమ్4 గూడు గలవారు అదృష్టవంతులు. 2017 నాటి బోర్డులలో పెక్కింటియందు బయోస్ మార్చి 2020లో వచ్చిన రైజెన్ 5000 తరమును పెట్టవచ్చును. అట్టివారు ప్రాసెసరు మాత్రము మార్చి ఊరకుండుట మేలు.

ఇక మన సీమ సంగతి. వేసవిలో ఇచట ఎండ నలువది డిగ్రీలు దాటును; గాలితో ఎఱ్ఱదుమ్ము వచ్చి ఫ్యానులలో పేరుకొనును. ప్రాసెసరు తన హద్దుమీఱి వేడెక్కినచో తానే వడి తగ్గించుకొనును. రేకుల కప్పు క్రింద 170 వాట్ల ప్రాసెసరును పెట్టి, అది వేడికి వెనుకంజ వేయుచుండ, వడికి చెల్లించిన సొమ్మును గాలికి వదలుట యెందులకు? రైజెన్ 9 7900, 7900ఎక్స్ అను రెండును 12 కోర్లవే. మొదటిదానిపై వ్రాసినది 65 వాట్లు, రెండవదానిపై 170. వాట్లలో నున్నంత భేదము వడిలో లేదు. మట్టిమిద్దె ఇల్లు గలవారు యంత్రమును దాని క్రిందనే యుంచుకొనుట మంచిది. మన గుట్టలమీద గాలిమరలు ఎన్ని తిరిగినను మన యింటి కరెంటు బిల్లు తగ్గలేదు గదా; యంత్రమంతయు 400 వాట్లు తీసికొనుచు రాత్రి పది గంటలు నడచినచో నాలుగు యూనిట్లు కాలును. నెలకు నూటయిరువది.

కరెంటు పోవుటను గూర్చి వేఱుగ చెప్పనేల? వీడియోను ఒక్క ఫైలుగ రెండరు చేయువాడు, నాలుగవ రాత్రి కరెంటు పోయిన, నాలుగు రాత్రులును పోగొట్టుకొనవచ్చును. ఒక్కొక్క బొమ్మను విడిగ దాచుకొనువాడు ఆగినచోటినుండి సాగించును. ఈ పద్ధతికి మఱియొక లాభము కలదు. ఇంటిలోని పాత యంత్రమునకు 1 నుండి 500 వఱకును, కొత్తదానికి తక్కినవియు అప్పగించవచ్చును. బ్లెండరు ఇందుల కడ్డు చెప్పదు. మిగిలిన సొమ్ముతో యూపీఎస్ కొనవచ్చును.

మా మాట కొందఱికి పిసినితనముగ తోచవచ్చును. కరోనాతో దినదినమును ఇంటి చిత్రములు చేసి గడువులోగా అప్పగించుచు, కోర్లన్నియు నూఱుపాళ్లు నడచుచుండ చూచినవాడు 16 కోర్లు కొనుట న్యాయమే. అతనికి అది నాగలి. మేము వారింపగోరునది, టాస్క్ మేనేజరు తెఱవకయే, స్నేహితుని యంత్రమును చూచి కొనువానిని. అట్టి కుమారుడు సొమ్మడిగినపుడు, తండ్రికి ఇంగ్లీషు రాకున్నను ఆ తెరమీది గీతలను చూపుమనుటకు సర్వాధికారము కలదు. గీతలు పైకంటియున్నవా, క్రిందనున్నవా యని చూచుటకు చదువు అక్కఱలేదు.

కొనుటకు అనంతపురము బస్సెక్కువారు తమ పనిలోని దృశ్యమునే పెన్‌డ్రైవులో తీసికొనిపోవలెను. అంగడిలోని యంత్రమున దానిని నడపించి, ఒక్క బొమ్మకు పట్టిన సెకనులను కాగితముమీద వ్రాసికొని, తమ యింటి యంత్రపు సెకనుల ప్రక్కన పెట్టి చూచిన పిమ్మటనే సొమ్ము తీయవలెను.