చేప పిల్లల కంటే ముందు నీటిని సిద్ధం చేయాలి

తేటగా ఉన్న నీరంతా మంచి నీరు కాదన్న సత్యాన్ని నల్గొండ ప్రజలకు ఎవరూ కొత్తగా బోధించనక్కరలేదు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ‘నల్గొండ విధానం’ అనే పేరే ప్రపంచవ్యాప్తంగా స్థిరపడింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ దానిని రూపొందించింది. అయినా చేపల తొట్ల విషయానికి వచ్చేసరికి కంటికి కనిపించే తేటదనాన్నే నాణ్యతగా భావించే అలవాటు ఇంకా పోలేదు. తొట్టి కట్టించి, బోరు నీటితో నింపి, గాలి పంపు అమర్చి, రెండు మూడు రోజులకే చేప పిల్లలను వదులుతారు. కొద్ది వారాలలో అవి చనిపోతే నింద పిల్లలను అమ్మినవారిపైనో, దాణాపైనో పడుతుంది. ఇంటి ముందుగదిలోని గాజు తొట్టి అయినా, పెరటిలోని పదివేల లీటర్ల తొట్టి అయినా ఈ వరుసలో లోపించిన దశ ఒక్కటే. అది నీటిని పరిపక్వం చేయడం.

గాజు తొట్టిలో ఈ పొరపాటుకు మూల్యం నాలుగు రంగు చేపలు. పెరటి తొట్టిలో మూల్యం ఒక కుటుంబపు అప్పు. 2020లో 20,050 కోట్ల రూపాయల అంచనాతో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన బయోఫ్లాక్ యూనిట్లకు, ఆర్.ఏ.ఎస్.గా వ్యవహరించే నీటి పునఃప్రసరణ యూనిట్లకు చేయూతనిచ్చింది. యూనిట్ వ్యయంలో సాధారణ వర్గాలకు 40 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలకు 60 శాతం సాయం నిర్దేశించింది. మిగిలిన భాగం లబ్ధిదారుని సొంత సొమ్ము లేదా బ్యాంకు రుణం. అందువల్ల మొదటి విడత పిల్లలు దక్కడమా, పోవడమా అన్నది ఆ యూనిట్ భవితవ్యాన్నే నిర్ణయిస్తుంది.

నేలలో తెలిసినదే నీటిలోనూ

చేప తిన్న మాంసకృత్తులలోని నత్రజనిలో అధిక భాగం మొప్పల ద్వారా అమ్మోనియాగా నీటిలో కలుస్తుంది. మిగిలిపోయిన దాణా, మలం కుళ్ళినప్పుడు మరికొంత చేరుతుంది. 32 శాతం మాంసకృత్తులున్న ఒక కిలో దాణాకు సుమారు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని వెలువడుతుందన్నది జలచర పెంపకంలో వాడుకలో ఉన్న లెక్క. నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రోస్పైరా, నైట్రోబ్యాక్టర్ వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. వ్యవసాయ విద్యార్థులందరూ చదివే నత్రీకరణ ఇదే. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, ముంట్జ్ మురుగు నీటిని ఇసుక గుండా పంపి ఇది సూక్ష్మజీవుల చర్య అని చూపారు. 2015లో రెండు మెట్లనూ ఒంటరిగా పూర్తిచేయగల నైట్రోస్పైరాను ప్రకటించిన రెండు పరిశోధక బృందాలలో ఒకటి దానిని చేపల పెంపక వ్యవస్థలోని వడపోత నుంచే సేకరించింది.

పొలానికీ తొట్టికీ ఉన్న భేదం ఒక్కటే. పొలం మట్టిలో ఈ బ్యాక్టీరియా సహజంగానే స్థిరపడి ఉంటుంది. కొత్త సిమెంటు గోడపైన, టార్పాలిన్ పొరపైన, వడపోతలోని ప్లాస్టిక్ బిళ్ళలపైన ఉండదు. సాధారణ బ్యాక్టీరియా నిమిషాలలో రెట్టింపవుతుంటే వీటికి అనేక గంటల నుంచి ఒక రోజు వరకు పడుతుంది. తగినంత సంఖ్యలో స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. ఈ కాలంలో మొదట అమ్మోనియా, తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతాయి. అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. నైట్రైట్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని రూపానికి మార్చి, రక్తాన్ని గోధుమ వర్ణానికి తెస్తుంది. నీటిపైకి వచ్చి గాలి పీల్చగల కొర్రమేను ప్రాణవాయువు కొరతను తట్టుకుంటుంది కాని, అమ్మోనియా విషప్రభావం నుంచి దానికీ మినహాయింపు లేదు.

మెట్ట ప్రాంతపు నీటి ప్రత్యేకత

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బోరు నీటిలో బైకార్బొనేట్లు అధికం. క్షారత సమృద్ధిగా ఉండటం నత్రీకరణకు మేలే. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 7.1 గ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానమైన క్షారత, 4.6 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతాయి. అయితే అదే నీరు చేపకు అమ్మోనియాను మరింత విషపూరితం చేస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం దాదాపు 0.6 శాతమే. సూచిక 8 అయితే అది 5 శాతానికి పైగా, 8.5 అయితే 15 శాతానికి, 9 అయితే 36 శాతానికి చేరుతుంది. మరొక చోట చేపలు భరించిన అమ్మోనియా మోతాదే ఇక్కడ వాటిని చంపవచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. బోరు నుంచి అప్పుడే వచ్చిన నీటిలో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు గాలి తగలగానే బయటికి పోయి, ఉదజని సూచిక పెరుగుతుంది. కనుక ఒక రోజు గాలి పట్టించిన తరువాతనే సూచికను కొలవాలి. రెండవది, ఈ జిల్లాలలో పలుచోట్ల భూగర్భ జలాలలోనే నైట్రేట్ ఉంటుంది. నైట్రేట్ కనిపించినంత మాత్రాన తొట్టి సిద్ధమైనట్లు కాదు. నింపిన రోజున కొలిచి రాసుకున్న అంకె కంటే పెరిగినప్పుడే అది నత్రీకరణకు సాక్ష్యం. కుళాయి నీటిని వాడితే అందులోని క్లోరిన్‌ను ముందుగా తొలగించాలి. అది చేపలతోపాటు ఈ బ్యాక్టీరియాను కూడా చంపుతుంది.

ఆచరణ సులభమే

చేపలు లేకుండానే తొట్టిని పరిపక్వం చేయవచ్చు. పదివేల లీటర్ల పునఃప్రసరణ తొట్టిలో 150 గ్రాముల అమ్మోనియం సల్ఫేటు కరిగిస్తే లీటరుకు సుమారు 3 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని ఏర్పడుతుంది. గాలిని, నీటి ప్రసరణను నిరంతరం నడపాలి. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి వడపోత నుంచి కొన్ని బిళ్ళలు తెచ్చి వేస్తే కాలం కలిసివస్తుంది. అయితే రోగం వచ్చిన తొట్టి నుంచి తేరాదు. అమ్మోనియా తగ్గినప్పుడల్లా మళ్ళీ అంతే మోతాదు వేయాలి. వేసిన 24 గంటలలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ పరీక్షకు అందనంతగా తగ్గిన రోజున తొట్టి సిద్ధమైనట్లు. ఈ మోతాదులోని నత్రజని 30 గ్రాములు, అంటే ఒక కిలో దాణా నుంచి వెలువడేంత. అందువల్ల ఈ పరీక్షలో నెగ్గిన తొట్టి రోజుకు ఎంత దాణాను భరించగలదో కూడా రైతుకు తెలిసిపోతుంది. పిల్లలను ఆ పరిమితి మేరకే వదిలి, వడపోత బలపడే కొద్దీ దాణా పెంచాలి.

బయోఫ్లాక్‌లో మార్గం కొంత భిన్నం. అక్కడ బెల్లం వంటి కర్బన పదార్థం వేసి ఇతర బ్యాక్టీరియాను పెంచుతారు. అవి అమ్మోనియాను తమ దేహంలో కలుపుకుంటాయి. వరి కొయ్యకాళ్ళను దున్నినప్పుడు నేలలోని నత్రజని కొంతకాలం పైరుకు అందకపోవడం వంటిదే ఇది. అక్కడా బ్యాక్టీరియా ముద్దలు ఏర్పడిన తరువాతనే చేపలు రావాలి.

అభ్యంతరాలు

ఆరు వారాలు తొట్టిని ఖాళీగా ఉంచడం నష్టమన్న వాదన ఉంది. వర్షాకాలంలో పిల్లలు లభించే నాటికి తొట్టి సిద్ధం కావాలంటే జూన్ మొదట్లోనే పని ప్రారంభిస్తే చాలు. వేడి రోజులు బ్యాక్టీరియాకు అనుకూలం కూడా. చేపలను ముందే వదిలి, రోజూ నీరు మార్చుతూ గట్టెక్కవచ్చన్నది మరొక వాదన. కాలువ కింద అది సాధ్యమే కావచ్చు. బోరు నీటి చుక్క చుక్కనూ లెక్కించుకునే దేవరకొండ, మునుగోడు మెట్ట గ్రామాలలో నీటిని పొదుపు చేయడానికే పునఃప్రసరణ తొట్టి కట్టారన్నది మరువరాదు. సీసాలలో అమ్మే బ్యాక్టీరియా ఉపయోగపడవచ్చు. కాని ఏ సీసా కూడా పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

విస్తరణ వ్యవస్థ బాధ్యత

గోడలు, పంపులు, పిల్లల సంఖ్య లెక్కకు సులువుగా అందుతాయి. బ్యాక్టీరియా అందదు. అందుకే పిల్లలను వదిలే తేదీని పంచాంగమో, సరఫరాదారుని వాహనమో, ప్రారంభోత్సవమో కాక అమ్మోనియా, నైట్రైట్ అంకెలే నిర్ణయించాలి. యూనిట్ పరిశీలన పత్రంలో ఈ రెండు అంకెలు లేనిదే పిల్లలను వదలడానికి సిఫారసు చేయరాదు. పరీక్ష కిట్లు కృషి విజ్ఞాన కేంద్రాలలో భూసార పరీక్ష పరికరాల పక్కనే ఉండాలి.

మత్స్య విషయం తమది కాదని వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలు పక్కకు తప్పుకోవడం సమంజసం కాదు. దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ 2015లో వేప పూత తప్పనిసరి అయినప్పుడు, పొలంలో నత్రీకరణను ఎందుకు నెమ్మదింపజేయాలో రైతుకు వివరించింది వారే. తొట్టిలో దానిని ఎందుకు ముందుగా నెలకొల్పాలో వివరించడం వారికి కష్టం కాదు. పెబ్బేరు మత్స్య విజ్ఞాన కళాశాలతో కలిసి పాలెం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు తలా ఒక గాజు తొట్టిని ప్రదర్శనగా ఉంచవచ్చు. చేపలు లేని ఆ తొట్టి పక్కన గోడపై ఆరు వారాల అంకెలను విద్యార్థులే రోజూ రాయాలి. అమ్మోనియా గీత పడిపోయి, నైట్రైట్ గీత లేచి, అదీ నేలను తాకడాన్ని కళ్ళారా చూసిన రైతు తన పెరటి తొట్టికి తొందరపడి పిల్లలను తెచ్చుకోడు.