పాలిటిక్స్ చదివితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు

అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరిగే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ మనిషి మొన్న మా బంధువుల ఇంటికి వచ్చాడు. ఆ ఇంటి పిల్ల ఇంటర్ సీఈసీ మంచి మార్కులతో పాసయింది. బీఏలో పాలిటిక్స్ చదువుతానంది. ఆయన పకపకా నవ్వి, "పాలిటిక్సా? మీ నాయనేమన్నా ఎమ్మెల్యేనా పాపా? కంప్యూటర్స్ పెట్టుకో, బెంగళూరు పోతావు" అన్నాడు. ఇంట్లోవాళ్లూ ఆయనతో కలిసి నవ్వారు. పిల్ల తల దించుకుని సరేనంది. సివిక్స్ పాఠాలు చెప్పి బిడ్డల్ని పెంచుకున్నవాణ్ణి నేను. ఆ నవ్వు నాకింకా మింగుడు పడలేదు.

చదివితే ఏమొస్తుందన్న ప్రశ్న ఇంజనీరింగ్ పిల్లల్ని ఎవరూ అడగరు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన అనంతపురం జిల్లాలో ఊరికి పదిమంది బీటెక్ అయ్యారు. వాళ్లలో ఎందరు చదివిన పని చేస్తున్నారో, ఎందరు బెంగళూరులో బండి మీద భోజనం పొట్లాలు మోస్తున్నారో అడిగే ధైర్యం ఆ నవ్వేవాళ్లకు లేదు. ఆర్ట్స్ అనగానే మాత్రం అందరికీ బతుకుతెరువు గుర్తొస్తుంది.

వెక్కిరించేవాళ్ల సంగతి పక్కనబెట్టండి. పాలిటిక్స్‌ను మెచ్చుకునేవాళ్లు చేసిన చేటు అంతకంటే పెద్దది. "గ్రూప్స్‌కు బాగా పనికొస్తుంది" అంటారు వీళ్లు. మూడేళ్ల చదువుకు వీళ్లిచ్చే విలువ అంతే, పరీక్షలో పాలిటీ మార్కులు. లెక్క చూడండి. 2023 డిసెంబరులో ఏపీపీఎస్సీ గ్రూప్-2 నోటిఫికేషన్‌లో చూపిన పోస్టులు 897. 2024 ఫిబ్రవరిలో ప్రిలిమ్స్ రాసింది నాలుగు లక్షల మందికి పైగా. మెయిన్స్ జరిగింది 2025 ఫిబ్రవరి 23న. ఒక్క నోటిఫికేషన్ రెండు పరీక్షలు దాటేసరికే పిల్లల వయసు అంత కరిగిపోయింది. ఊళ్లో నాయన శెనక్కాయ పెట్టుబడికి అప్పు చేస్తాడు, కొడుకు కోచింగ్ ఫీజుకూ అప్పు చేస్తాడు. మొదటి అప్పుకు కరువన్న కారణమైనా ఉంది. రెండో దానికి ఈ "పనికొస్తుంది" అన్నవాళ్లే పూచీ పడాలి. ఎవరూ పడరు.

పోనీ ఆ కోచింగ్‌లో రాజనీతి వంటబడుతుందా? లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం నల్లగా మాసేదాకా చదివిన కుర్రాళ్లను నేను చూశాను. 243-జి అధికరణం పంచాయతీలకు ఏ అధికారాలిచ్చిందో, పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాలేవో వరసగా అప్పజెప్తారు. తమ ఊరి పంచాయతీకి ఈ ఏడు ఎంత డబ్బొచ్చింది, ఏ పద్దు కింద ఎంత పోయిందని అడిగితే బిత్తరపోతారు. తప్పు పిల్లలది కాదు. చుట్టూ జరిగేదాన్ని చూడకుండా నాలుగు గడుల్లో ఒకటి దిద్దడమే చదువని నేర్పినవాళ్లది. ఈ కోచింగ్ వ్యాపారం మన బీఏ క్లాసు ప్రాణం తీసింది, ఈ మాట ఎక్కడైనా నిలబడి చెప్తాను.

ఇక ఈ చదువుతో పనేమిటన్నారు. అనంతపురంలో నిలబడి ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మనది. అది కూడా అదనులో పడదు. పదును వానకు విత్తేసి, ఊడలు దిగేవేళ ఒకరి మొగం ఒకరం చూసుకుంటూ కూర్చుంటాం. ఎర్రనేల బీటలిస్తుంది. అది కరువని కంటితో చూసినవాడికెవడికైనా తెలుసు. ప్రభుత్వం దృష్టిలో మాత్రం కరువు కాగితం మీద పుడుతుంది. 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం ముందు వానలోటు, బెట్ట రోజులు చూస్తారు. ఆపైన సాగైన విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనం, నేలలో తేమ, చెరువుల్లో, భూగర్భంలో నీటిమట్టం చూస్తారు. కొన్ని ఊళ్లకు పోయి పొలాలు చూసి సరిపోల్చుకుంటారు. అన్నీ కలిసి "తీవ్రం" అని తేలితేనే కేంద్ర విపత్తు నిధికి దారి. "మధ్యస్థం" అని రాశారా, ఆ మండలం రాష్ట్రం చేతిచమురుతో గట్టెక్కాలి. ఒక్క మాట మార్పుతో వేల ఇళ్ల అన్నం మారిపోతుంది. ఆ మాటకు అర్థం ఎవరు నిర్ణయించారు, ఏ రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి, మన రాష్ట్రం ఏం రాసి పంపింది? ఇదంతా రాజనీతిశాస్త్రమే. కంప్యూటర్స్ క్లాసులో ఇది చెప్పరు.

బీమా సంగతీ అంతే. వాతావరణ ఆధారిత బీమాలో శెనక్కాయకు పరిహారం లెక్క రెయిన్ గేజ్ చెప్పినట్టే నడిచింది. మండల కేంద్రంలో ఒక సాయంత్రం జల్లు కురిసి, పది కిలోమీటర్ల అవతలి ఊళ్లో చుక్క రాలకపోతే, లెక్కలో ఆ ఊరికీ వాన పడినట్టే. ఎండిన చెట్టు పీకి తెచ్చి తహసీల్దారు ముందు పెట్టినా ఆ అంకె మారదు. అప్పుడు రైతుకు కావాల్సింది ఒప్పందంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వాన లెక్కిస్తారో చదివి చెప్పే మనిషి. సమాచార హక్కు చట్టం కింద ఆ రీడింగులు తెప్పించి, అర్జీ ఏ శాఖకు రాయాలో తెలిసిన మనిషి. సోమవారం కలెక్టరేట్ ముందు చూడండి. చెట్టుకింద అర్జీలు రాసేవాళ్లు డబ్బు తీసుకుని నాలుగు వాక్యాలు గీకిస్తారు. ఆ కాగితం సంబంధం లేని శాఖకు పోయి, "పరిష్కరించబడినది" అని ఫోన్‌కు మెసేజై తిరిగొస్తుంది. ముసలామె ఆ మెసేజ్ ఎవరితోనో చదివించుకుని, మళ్లీ సోమవారం బస్సెక్కుతుంది.

కాగితం చదవగల మనుషులేం చేయగలరో ఒకసారి చూశాం. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టారు. దేశమంతా మన జిల్లా పేరు విన్న రోజది. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకుంటే నిరుద్యోగ భృతి ఇవ్వాలని, గ్రామసభే పనుల్ని తనిఖీ చేయాలని 2005 నాటి ఆ చట్టంలో రాశారు. సామాజిక తనిఖీకి ఉమ్మడి రాష్ట్రం 2009లో ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టింది. కూలీల ఇళ్ల పిల్లలు మస్టర్ కాగితాలు పట్టుకుని గడప గడపకూ పోయి, పేరూ దినాలూ పాసుబుక్కూ సరిచూసి, తవ్విన గుంతను టేపుతో కొలిచి, ప్రజావేదికలో అధికారి ముందు నిలబడి చదివారు. చచ్చినవాడి పేరుమీద కూలి డ్రా అయిందని అందరి ముందూ పైకి చదవడమంటే మాటలా! రాజ్యమంటే ఏమిటో ఏ పాఠంలో ఇంతకంటే బాగా చెప్పగలం?

ఈ నేలకు రాజకీయం కొత్తదా అసలు? 1937 శ్రీబాగ్ ఒడంబడిక మీద సంతకాలు పెట్టినవారిలో కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు మనవాళ్లే. రాయలసీమకు నీళ్లలో ముందు వాటా అని అందులో రాయించారు. 1952లో తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి నీలం సంజీవరెడ్డిని అనంతపురంలో ఓడించారు. ఓడిన మనిషి నాలుగేళ్లకు ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి. ఇంత చరిత్ర నడిచిన ఊళ్లో, పాలిటిక్స్ ఎమ్మెల్యే కొడుకులకేనట! ఆ ఒడంబడికలో ఏం రాశారో ఎన్నడూ చదవనివాళ్లు నీళ్ల గురించి మైకుల్లో అరుస్తుంటే వినాల్సి వస్తోంది. అందుకే ఇంత మంట.

ఉద్యోగాలంటారా, ఉన్నాయి. మూడేళ్ల లా ఉంది, బీఈడీ సోషల్ ఉంది, పత్రికల జిల్లా డెస్కులున్నాయి, ఆర్డీటీ వంటి స్వచ్ఛంద సంస్థలున్నాయి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ పీజీలున్నాయి. ప్రొఫెసర్ హరగోపాల్ రాజనీతిశాస్త్రం చెప్పినాయనే. 2011లో మల్కన్‌గిరి కలెక్టర్‌ను మావోయిస్టులు పట్టుకుపోతే మధ్యవర్తుల్లో ఒకరిగా కూర్చున్నదీ ఆయనే. జీతాలు తక్కువంటారు. మొదట్లో తక్కువే. కోచింగ్ గదిలో ఐదేళ్లు కూర్చున్నవాడికి వచ్చేదాని కంటే ఎక్కువే కదా!

నన్నడిగితే ప్రతి బీఏ పాలిటిక్స్ విద్యార్థి ఒక సెమిస్టర్ మండల కార్యాలయంలో కూర్చోవాలి. సొంత ఊరి పంచాయతీ లెక్కలు రాసి చూపితేనే మార్కులు వేయాలి. అర్జీదారుల పక్కన కూర్చోవడానికి వాళ్లకు కాస్త భత్యమివ్వాలి. ఎవరిస్తారు, ఎంతిస్తారన్నది యూనివర్సిటీ, కలెక్టరూ కూర్చుని తేల్చాలి. తలచుకుంటే తేలనంత పెద్ద సంగతి కాదు.

2023-24లో ఒకే మేజర్ పద్ధతి తెచ్చినప్పుడు చరిత్ర, ఆర్థికశాస్త్రం, పాలిటిక్స్ కలిపి చదివే హెచ్‌ఈపీ పోయింది. మూడింటికీ పిల్లలు చీలిపోయారు. చేరికలు తక్కువన్న సాకుతో సెక్షన్లు మూయడం అప్పటినుంచి ఇంకా సులువైంది. మీ ఊరి దగ్గరి కాలేజీలో పాలిటిక్స్ ఎత్తేస్తామంటే ఊరుకోకండి. పాత విద్యార్థులు, తల్లిదండ్రులు పదిమంది కలిసి ప్రిన్సిపాల్ గదికి వెళ్లండి, కాగితం మీద అడగండి, జవాబు కాగితం మీదే తీసుకోండి. ఇంట్లో పిల్ల పాలిటిక్స్ చదువుతానంటే, దయచేసి నవ్వకండి.