అబ్బాని జూన్ ఎండలో ఉమ్రాకు తీసుకెళ్లకండి



పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక సెంటినరీ కాలనీలో మస్జిద్ బయట ఒక పిల్లగాడు రంగుల కరపత్రం చేతిలో పెట్టాడు. సమ్మర్ హాలిడేస్ స్పెషల్ ఉమ్రా. అమ్మీ, అబ్బా, పిల్లలు అందరూ కలిసి, బడులు తెరిచేనాటికి ఇంటికి. ఒక పక్క కాబా బొమ్మ, ఇంకో పక్క విమానం, అడుగున వాయిదాల లెక్క. 2026లో హజ్ మే చివరి వారంలో పడుతోంది. హజ్‌కు ముందు ఉమ్రా వీసాలు ఆపేస్తారు, అది అయ్యాకే మళ్లీ ఇస్తారు. అందుకే వీళ్ల బండి జూన్ మొదట్లో కదులుతుంది.

మన రామగిరి ఖిల్లా సంగతే తీసుకోండి. జనం గుట్ట ఎప్పుడెక్కుతారు? వానలు పడి పచ్చబడ్డాక, శ్రావణంలో. మే నెలలో ముసలి తండ్రిని వెంటబెట్టుకుని ఎక్కుతానంటే బేగంపేట వాళ్లే అడ్డుకుని వెనక్కి పంపుతారు. ఎండాకాలం వస్తే రామగుండం పేరు వాతావరణ వార్తల్లో వినపడని రోజుండదు. ఓపెన్‌కాస్టుల్లో మజ్జిగ ప్యాకెట్లు పంచుతారు. ఎండంటే ఏమిటో మనకు ఎవరూ సబఖ్ చెప్పక్కర్లేదు. అయినా మక్కా అనేసరికి ఆ అఖల్ అంతా ఇంట్లో పెట్టి తాళం వేసి పోతాం. అక్కడ జనవరిలో పగటి వేడి సగటున 30, 31 డిగ్రీలు. జూన్‌లో 43, 44. రాత్రి కూడా 28 కిందికి దిగడం కష్టం.

ఇది రాయడానికి నాకేం హఖ్ ఉందని అడుగుతారేమో. 2023 మేలో ఈ తప్పు చేసినవాణ్ని నేనే.

మా అబ్బా 34 ఏళ్లు బాయిలో పనిచేశారు. మొదట కోల్ ఫిల్లర్, తర్వాత టింబర్‌మన్. దిగిపోయినప్పుడు వచ్చిన సీఎంపీఎఫ్ డబ్బులో కొంత ఉమ్రా కోసమని విడిగా పెట్టుకున్నారు. చెల్లెలి నిఖా అప్పుడు కూడా దాన్ని ముట్టనివ్వలేదు. "కబ్ జాయేంగే బేటా?" అని అడిగేవారు. పిల్లల సెలవుల్లో పోదాం అబ్బా, అనేవాణ్ని. మా ఆవిడ టీచర్, ఆమెకూ అప్పుడే సెలవులు. నాకూ అప్పుడే లీవు దొరికింది. అందరి వీలూ చూశాం. అబ్బాకు ఏ నెల అనువుగా ఉంటుందని మాత్రం ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. విచిత్రం చూడండి, ఇంట్లో పన్నెండు నెలలూ ఖాళీగా ఉన్న మనిషి ఆయనొక్కరే.

మక్కాలో మూడో రోజు. చిన్నోడికి వాంతులైతే నేను వాణ్ని తీసుకుని ముందే గదికి వచ్చేశాను. అబ్బా జుహర్ చదివి బయటికొస్తే చెప్పులు లేవు. హరమ్‌కు వెళ్లినవాళ్లకు ఇది కొత్త కాదు. మతాఫ్‌లో పరిచిన తెల్లరాయి గ్రీసు దేశపు థాసోస్ దీవి నుంచి తెచ్చింది, ఎండలో కూడా అరికాలికి చల్లగా తగులుతుంది. హరమ్ దాటితే తారురోడ్డు. మా హోటల్ కిలోమీటరు దూరం. చవక ప్యాకేజీ కదా. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆ దూరమంతా ఆయన వట్టి కాళ్లతో నడిచి వచ్చారు.

ఆయనకు ఇరవై ఏళ్లుగా షుగర్. పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది. కాలుతున్నట్టు తెలియనే లేదు. గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుని జమ్‌జమ్ అడిగారు. నీళ్లు ఇవ్వబోతూ టైల్స్ మీద తడి అడుగులు చూశాను. వజూ తడి అనుకున్నాను. బొబ్బలు పగిలిన తడి అది. "కుచ్ నై హువా" అంటున్నారాయన. నాలుగు నెలలు కట్లు కట్టించుకుంటూ ఖనికీ కరీంనగర్‌కీ తిరిగాం. కుడికాలి రెండు వేళ్లు తీసేశారు. నమాజ్‌లో కూర్చున్నప్పుడు కుడి పాదం నిలబెట్టి వేళ్లు ఖిబ్లా వైపు మడిచే సున్నత్ ఉంది కదా, యాభై ఏళ్లు తప్పకుండా చేసిన మనిషి ఇప్పుడు కుర్చీలో చదువుతారు.

చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది ఒకే మాట అన్నారు: మషఖ్ఖత్ ఎంత ఉంటే సవాబ్ అంత. ఆ మాట మీదే నాకు కోపం. దారిలో తనంతట తాను వచ్చిన కష్టానికి సబర్ చేస్తే సవాబ్ ఉంది. కష్టాన్ని టికెట్ కొని తెచ్చుకోమని ఎవరు చెప్పారు? బుఖారీలో ఒక హదీస్ ఉంది. ఒక ముసలాయన కాబా దాకా నడిచి వస్తానని మన్నత్ చేసుకుని, ఇద్దరు కొడుకుల మధ్య వాళ్ల భుజాల మీద వాలి ఈడ్చుకుంటూ వస్తున్నాడు. రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చూసి, ఈయన తన ప్రాణాన్ని ఇలా హింసించుకోవాల్సిన అవసరం అల్లాహ్‌కు లేదని, వాహనం ఎక్కమని హుకుం ఇచ్చారు. ఆ ఇద్దరు కొడుకుల్లో నన్ను నేను చూసుకున్నాను. ఎండ తీవ్రంగా ఉంటే జుహర్‌ను కాస్త చల్లబడేదాకా ఆపమని కూడా ఆయనే అన్నారు. ఫర్జ్ నమాజ్‌కే ఎండను లెక్కలోకి తీసుకున్న దీన్ మనది. నఫిల్ ఉమ్రాకు ఆ లెక్క అక్కర్లేదా?

ఇంకో మాట చెవులు మూసుకుని వినాల్సి వస్తుంది: అక్కడ మౌత్ వస్తే అదృష్టం అని. అల్లాహ్ రాసింది వస్తే అది వేరు. కొడుకు సెలవుల క్యాలెండర్ చూసి రాసింది వేరు. 2024 జూన్ హజ్‌లో హరమ్ దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది. 1,301 మంది చనిపోయారని సౌదీ సర్కారే చెప్పింది. వాళ్లలో ఎక్కువ మంది పర్మిట్ లేక, నీడా గుడారమూ దొరకక ఎండలో నడిచినవాళ్లు. హజ్‌కు తేదీ ఎంచుకునే వీలు మనకు లేదు, నిజమే. చాంద్ లెక్కన అది ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025తో ఎండాకాలం హజ్‌లు ముగిశాయనీ, మళ్లీ పాతికేళ్ల దాకా రావనీ అక్కడి వాతావరణ శాఖ ప్రకటించింది. వాళ్ల లెక్కలో 2026 హజ్ వసంతంలో పడుతుంది. మే చివర మక్కాలో అది ఏ వసంతమో వాళ్లకే తెలియాలి. 2030కల్లా మాత్రం ఏప్రిల్ నడిమికి వస్తుంది. హజ్ సంగతి అది. ఉమ్రాకు ఆ మజ్బూరీ లేదు కదా!

"అయితే రంజాన్‌లో పోతాం, హజ్‌తో సమానం" అంటారు. హదీస్ సహీ, దాని మీద నాకు ఏ బహస్ లేదు. ఆ మాట ఎవరితో అన్నారో కూడా చదవండి. ఉమ్మె సినాన్ అనే అన్సారీ మహిళ. ఇంట్లో ఉన్న ఒంటెల్లో ఒకటి భర్త హజ్‌కు తీసుకెళ్తే, ఇంకోటి నీళ్లు తోడే పనికి ఉండిపోయి, ఆమె హజ్‌కు రాలేకపోయింది. వసతి లేక ఆగిపోయిన మనిషికి ఇచ్చిన ఓదార్పు అది. దాన్ని మన ఏజెంట్లు ఆఖరి అష్రా ప్యాకేజీగా అమ్ముతున్నారు, దాదాపు రెట్టింపు ధరకు. రసూలుల్లాహ్ చేసిన ఉమ్రాలు నాలుగు. హజ్‌తో కలిపి చేసినది తప్ప మిగతా మూడూ జీఖాదలో. రంజాన్‌లో ఒక్కటీ లేదు. రజబ్‌లో ఒకటి చేశారని ఇబ్నె ఉమర్ (రజి) అంటే, రజబ్‌లో ఎప్పుడూ చేయలేదని అమ్మీజాన్ ఆయిషా (రజి) సరిదిద్దారు. రజబ్ స్పెషల్ కరపత్రం కూడా మొన్ననే చూశాను.

ఇప్పుడు రంజాన్ చలికాలంలో వస్తోంది, 2027లో ఫిబ్రవరి రెండో వారంలో మొదలవుతుంది. కాబట్టి ఎండ బాధ లేదు, ఒప్పుకుంటాను. రద్దీ ఉంది. కింద మతాఫ్‌లో చోటు దొరక్క పై అంతస్తుకు పంపితే ఒక్కో చుట్టు కొన్ని రెట్లు పొడవవుతుంది. సఫా మర్వాల మధ్య సయీ ఎలాగూ మూడు కిలోమీటర్లు దాటుతుంది. బొగ్గుదుమ్ము మింగిన ఊపిరితిత్తులకు రోజా మీద ఈ నడక ఎంత బరువో బాయిలో చేసినవాళ్లను అడగండి.

నవంబర్ నడిమి నుంచి జనవరి నడిమి దాకా, రంజాన్‌కు ముందు. ముసలివాళ్లకు అదే మంచి కాలం. మదీనాలో రాత్రులు 12 డిగ్రీలకు పడతాయి, దమ్ము ఉన్నవాళ్లకు స్వెటర్, మఫ్లర్ తప్పవు. దసరా సెలవులు ఉన్నాయి కదా అంటారు, అక్టోబర్‌లో కూడా పగలు 40 తగులుతుంది. సంక్రాంతి సెలవులు చాలవు. పిల్లలు రాకపోతే ఏమవుతుంది? వాళ్లకు ముందు జిందగీ అంతా ఉంది. జూన్ ప్యాకేజీ ఎందుకు చవకో ఏజెంటును అడగండి. హోటల్ నుంచి హరమ్ దాకా ఎన్ని అడుగులో రాసివ్వమనండి. షుగర్ ఉన్నవాళ్ల చెప్పులు స్టాండులో వదలొద్దు, సంచిలో వేసి భుజానికి తగిలించండి. ఈ ఒక్క మాట నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే!

అబ్బా మళ్లీ వెళ్లాలంటున్నారు. ఈసారి డిసెంబర్ మొదటి వారం. నేను, ఆయన, ఇద్దరమే. మిగిలిన సీఎంపీఎఫ్ డబ్బు తీయమన్నారు, నేను ఒప్పుకోలేదు. ఖర్చు నాది. వీల్‌చైర్ మాత్రం వద్దంటున్నారు, ఆ ఒక్క విషయంలో ఇంట్లో ఇంకా లడాయి నడుస్తోంది.