అమ్మ విమానం ఎక్కేటప్పుడు ఏం కట్టుకోవాలి?

కెనడాలో పిల్లలున్న ఇళ్లలో అమ్మానాన్నల ప్రయాణం ఖాయమైందంటే ముందు సూట్‌కేసు గురించే మాట్లాడతారు. 23 కిలోల లెక్క, ఆవకాయ సీసాకి ఎన్ని కవర్లు చుట్టాలి, కందిపొడి ఎందులో పెట్టాలి, ఇవన్నీ వారం ముందు నుంచే నడుస్తాయి. ఒంటి మీద ఏం వేసుకుని బయల్దేరాలన్నది మాత్రం ఆఖరి రోజుకి గానీ తేలదు. తేల్చేది ప్రయాణం చేసే మనిషి కూడా కాదు. శంషాబాద్‌లో సాగనంపడానికి వచ్చే చుట్టాలు, అక్కడ దిగే ఫొటోలు, టొరంటోలో ఎదురొచ్చే వియ్యాలవారు కలిసి తేలుస్తారు. అందుకే అమ్మకి జరీ అంచు పట్టుచీర, కొత్త చెప్పులు. నాన్నకి బిగుతు ప్యాంటు, తోలు బెల్టు. ఈ పద్ధతి మారాలి.

హైదరాబాద్ నుంచి టొరంటోకి నేరుగా విమానం లేదు. ఢిల్లీలోనో, దుబాయ్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారాలి. ఆ గడప దాటింది మొదలు ఈ గడప తొక్కేదాకా ఒక పగలూ ఒక రాత్రీ ఒంటి మీద అవే బట్టలు. విమానం లోపలి గాలి పీడనం 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తున ఉండే పీడనంతో సమానం. ఊటీ ఎత్తు సుమారు 7,350 అడుగులు. అంత ఎత్తులో కడుపులోని గాలి వ్యాకోచిస్తుంది, ఇంట్లో సరిపోయిన నడుం పట్టీ నాలుగు గంటల తర్వాత కోసుకుంటుంది. గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు. గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి. విప్పిన బూటు దిగే ముందు మళ్లీ ఎక్కదు. మెట్టెలు వేలిలోకి దిగి, చుట్టూ చర్మం ఎర్రగా కందుతుంది. కాస్త బిగుతుగా ఉన్న మెట్టెల్నీ ఉంగరాల్నీ ఇంట్లోనే సబ్బునీళ్లతో తీసేసి చేతిసంచిలో వేసుకోవడం మంచిది.

నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. రెండింతలైనా అది 6,000 మందిలో ఒకరికి జరిగే సంగతే, బెంబేలెత్తక్కర్లేదు. మోకాలి దాకా వచ్చే బిగుతు మేజోళ్లు పైకి తెలియని గడ్డల్ని తగ్గిస్తాయని పరిశోధనల్లో గట్టిగానే తేలింది, వాపు విషయంలో రుజువులు అంత గట్టివి కావు. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకి రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే వేసుకోవాలి.

ఇక చీర సంగతి. పిల్లలు చాలామంది ఫోన్‌లో ఒకటే మాట: ‘అమ్మా, ట్రాక్ ప్యాంటూ టీషర్టూ వేసుకో, హాయిగా ఉంటుంది.’ ఎవరికి హాయి? యాభై ఏళ్లు చీరలో వండి, నడిచి, నిద్రపోయిన మనిషిని నలుగురి మధ్య తొలిసారి ప్యాంటులో కూర్చోబెడితే ఆమె దారి పొడుగునా ముడుచుకునే కూర్చుంటుంది. సల్వార్ అలవాటున్న అమ్మకి సల్వార్‌ని మించింది లేదు. అలవాటు లేని అమ్మకి చీరే సుఖం. కాకపోతే ఆ చీర ఏదన్నదే ప్రశ్న. నాలుగు ఉతుకులు పడి మెత్తబడ్డ మంగళగిరి నూలు చీరో, నారాయణపేట చీరో గంజి లేకుండా కట్టుకోమనండి. పవిట తీసి కప్పుకుంటే అదే దుప్పటి. లంగా బొందు ఒక వేలు పట్టేంత వదులుగా ముడేయాలి. భుజం మీద ఒకటి, కుచ్చిళ్ల దగ్గర ఒకటి, వీపున ఇంకొకటి అంటూ పిన్నీసులు గుచ్చుకుంటే కునుకు పట్టినప్పుడల్లా పొడుస్తాయి.

మగవాళ్లకి తట్టని ఇబ్బంది ఇంకొకటుంది. విమానంలో బాత్రూమ్ అగ్గిపెట్టంత. సగం ప్రయాణం అయ్యేసరికి నేలంతా తడి. కుచ్చిళ్లు ఒక చేత్తో, పవిట ఒక చేత్తో పట్టుకుని అందులో మసలడం ఎంత కష్టమో తలుచుకుని మన అమ్మలు నీళ్లు తాగడమే మానేస్తారు. ఆ ఎండు గాలిలో, ఆ వయసులో, నీళ్లు లేకుండా అన్ని గంటలు! నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. చీర చీలమండకి పైన ఉండేలా కట్టుకుంటే, చేతిసంచిలో ఒక మార్పు చీర ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది.

ప్రాణానికి సంబంధించిన మాట కూడా చెప్పాలి. 2005 ఆగస్టు 2న టొరంటో పియర్సన్‌లో దిగిన ఎయిర్ ఫ్రాన్స్ విమానం రన్‌వే దాటి వాగు లోయలోకి దూసుకెళ్లి తగలబడింది. 309 మందీ వానలో ప్రాణాలతో బయటపడ్డారు. 2025 ఫిబ్రవరి 17న అదే విమానాశ్రయంలో డెల్టా సంస్థ విమానం దిగుతూ తలకిందులైంది. అందులోని 80 మందీ బతికి, మంచు మీదికి బయటపడ్డారు. 1983 జూన్ 2న ఎయిర్ కెనడా 797 విమానంలో నిప్పంటుకున్నప్పుడు మాత్రం 46 మందిలో 23 మంది పోయారు. అందులో కెనడా జానపద గాయకుడు స్టాన్ రోజర్స్ ఒకడు. నిండు విమానం 90 సెకన్లలో ఖాళీ కావాలన్నది తయారీదారులకి పెట్టిన నియమం. ఆ 90 సెకన్లలో ఎత్తు మడమల చెప్పులతో పరిగెత్తలేం, ఒట్టి కాళ్లతో మంచు మీద నిలబడలేం. పాలిస్టర్ వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలూ ఉన్నీ అలా కరగవు. అసలు పట్టు కూడా కరగదు గానీ, అంగట్లో పట్టు పేరుతో పాలిస్టర్ కూడా అమ్ముతారు. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ కాలికి వదులైన, వెనక మూసిన బూట్లు ఉండాలి. చీర మీద బూట్లేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

సూపర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులు 2022 జూలై నుంచి ఒక్క రాకలో 5 ఏళ్ల దాకా ఉండొచ్చు. అందుకని జనవరిలోనూ వస్తున్నారు. వాళ్లలో చాలామంది టొరంటోలో దిగి ఎడ్మంటన్‌కో విన్నిపెగ్‌కో ఇంకో విమానం ఎక్కాలి. అక్కడ చలి సున్నాకి 20 డిగ్రీలు కిందికి పోవడం మామూలే. ఉన్ని స్వెట్టరు, శాలువా, మంకీ టోపీ, మేజోళ్లు చేతిసంచిలోనే ఉండాలి. చెకిన్ చేసిన పెట్టె ఒకరోజు వెనకబడిందంటే అందులోని స్వెట్టర్లు ఎందుకూ కొరగావు. పెద్ద కోటు హైదరాబాద్‌లో వెతకొద్దు, ఇక్కడి చలికి ఆగేది అక్కడ దొరకడం కష్టం. వాళ్ల కొలతలకి సరిపడేది పిల్లలే ముందుగా కొని, అరైవల్స్ గేటు దగ్గరికే పట్టుకెళ్లాలి, కారులో వదిలేసి కాదు.