బీపీ నార్మలే.. మరి సిస్టర్ డాక్టర్‌కు ఎందుకు ఫోన్ చేశారు?

ఆపరేషన్ అయిన మర్నాటి రాత్రి. పేషెంట్‌కు 64 ఏళ్లు. బీపీ 118/76. ఆక్సిజన్ 95 శాతం. జ్వరం 101. ‘ఆపరేషన్ తర్వాత ఈమాత్రం జ్వరం మామూలేగా’ అనుకుని పక్కనున్న కొడుకు కునుకు తీస్తాడు. నైట్ డ్యూటీలో ఉన్న నర్సు మాత్రం వెంటనే డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేస్తారు.

ఇది ఉదాహరణ కోసం అల్లిన కేసే. కానీ ఏ వార్డులోనైనా ఎదురయ్యేదే.

ఆమె చూసిందేమిటి? వాచీ పట్టుకుని నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టారు. 26 సార్లు. పల్స్ 112. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతున్నా, లోపల రక్తం పోతున్నా శరీరం ముందు గుండె వేగాన్ని, ఊపిరి వేగాన్ని పెంచి నెట్టుకొస్తుంది. బీపీ పడిపోయేది చాలాసార్లు ఆ తర్వాతే. అప్పటికి విలువైన గంటలు చేజారిపోతాయి.

దీన్ని అంకెల్లో పట్టుకోవడానికే బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ‘నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్’ తెచ్చింది. 2017లో సవరించింది. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, పల్స్, స్పృహ, జ్వరం.. వీటిలో ఏది గాడి తప్పినా పాయింట్లు పడతాయి. మన పేషెంట్‌కు ఊపిరికి 3, పల్స్‌కు 2, జ్వరానికి 1, ఆక్సిజన్‌కు 1. మొత్తం 7. మొత్తం 5 అయితే డాక్టర్ త్వరగా వచ్చి చూడాలి. 7 అంటే ఎమర్జెన్సీ. విడివిడిగా చూస్తే ఒక్క అంకె కూడా ఇంట్లోవాళ్లను భయపెట్టేలా లేదన్నది గమనించండి.

అలాగని స్కోరే సర్వస్వం కాదు. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి పల్స్ పెరగాల్సినంత పెరగకపోవచ్చు. వృద్ధుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. నిన్న మంచం మీద కూర్చుని కబుర్లు చెప్పిన మనిషి ఇవాళ ఇడ్లీ ముట్టలేదు, ఏ ఊళ్లో ఉన్నానని అడుగుతున్నాడు. ఇది మానిటర్‌కు తెలియదు. నిన్న కూడా చూసిన నర్సుకు తెలుస్తుంది. సవరించిన స్కోరులో కొత్తగా వచ్చిన గందరగోళానికి ఏకంగా 3 పాయింట్లు ఇచ్చింది అందుకే.

చిక్కల్లా టైమ్ దగ్గరే. ఊపిరి సరిగ్గా లెక్కపెట్టాలంటే ఒక నిమిషం. వార్డులో ఒక్క నర్సు, 30 మంది పేషెంట్లు ఉంటే అదొక్కటే అరగంట పని. మధ్యలో సెలైన్లు, ఇంజెక్షన్లు, కేస్ షీట్లు. చాలా దేశాల్లో ఆస్పత్రులు అందాజాగా రాసేసే అంకె ఇదే. జనరల్ వార్డులో ఐదుగురికి ఒక నర్సు, టీచింగ్ ఆస్పత్రుల్లో ముగ్గురికి ఒకరు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. మీరు వెళ్లిన వార్డులో ఎందరున్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి.

ఇంకో అడ్డంకి ఉంది, దాని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. ‘ఇంతమాత్రానికే లేపుతారా?’ అనే మాట. ఒకసారి పడ్డ నర్సు రెండోసారి ఫోన్ తీయడానికి వెనకాడతారు. అందుకే ‘సార్, పేషెంట్ బాగాలేదు’ అని కాకుండా, ఏం జరుగుతోంది, ఏ కేసు, తనకేం అనిపిస్తోంది, డాక్టర్ నుంచి ఏం కావాలి అని నాలుగు ముక్కల్లో చెప్పే పద్ధతిని నర్సులకు నేర్పుతారు. అమెరికా నేవీ జలాంతర్గాముల నుంచి ఆస్పత్రులకు వచ్చిన పద్ధతి ఇది. అయితే అవతల వినే మనిషికి కూడా ట్రైనింగ్ ఉంటేనే ఇది పనిచేస్తుంది.

పక్కన ఉండే ఇంటివాళ్లు చేయగలిగిందీ ఉంది. ‘ఎలాగో ఉన్నారు సిస్టర్’ అంటే పని జరగదు. ‘సాయంత్రం దాకా బాగా మాట్లాడారు, ఎనిమిదింటి నుంచి ఆయాసపడుతున్నారు, ఊపిరి ఒకసారి లెక్కపెట్టండి’ అని చెప్పండి. వాడే బీపీ మాత్రల పేర్లు కూడా అప్పుడే చెప్పండి.