జాగలు కార్ఖానాలవి, లాభం ఎవరిది?

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో జాగలు కార్ఖానాలు నడపడానికి, పదిమందికి కొలువులు దొరకడానికి ఇచ్చినవి. 2025 నవంబర్‌లో తెచ్చిన హిల్ట్ పాలసీ ఔటర్ రింగ్ రోడ్డు లోపలి 9,292 ఎకరాల పారిశ్రామిక భూమిలో అపార్టుమెంట్లు, ఆఫీసులు కట్టుకునే దారి తెరిచింది. ఈ రెండు వాడలూ అందులో ఉన్నాయి. రోడ్డు 80 అడుగుల కన్నా తక్కువైతే 30 శాతం, ఆపైన అయితే 50 శాతం ఫీజు. అదీ బజారు ధర మీద కాదు, రిజిస్ట్రేషన్ విలువ మీద!

విషం కక్కే కంపెనీలు బస్తీల నడుమ ఉండాలని మేము అనడం లేదు. నాచారం గాలి పీల్చినవాళ్లం. పోవాల్సిందే. మరి కార్మికుని గతేంది? బడికి, దవాఖానకు జాగేది?

ఇంకో ముచ్చట. 2006లో జీవో 86 ఎఫ్ఎస్ఐ పరిమితిని ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, వదిలిన సెట్‌బ్యాకే ఎత్తుకు కొలబద్ద అయ్యాయి. 2012 నాటి జీవో 168 అపార్టుమెంటుకు కట్టిన విస్తీర్ణంలో 30 శాతం, మల్టీప్లెక్స్ ఉన్న మాల్‌కు 60 శాతం పార్కింగ్ అడిగింది. కాగితం మీద బాగానే ఉంది. సెల్లార్లలో దుకాణాలు తెరిచినంక బండ్లు రోడ్డెక్కక ఎక్కడికి పోతాయి? ఉప్పల్ రింగురోడ్డు కాడ సాయంత్రం నిలబడ్డోళ్లకు చెప్పనక్కర లేదు. 2018లో మొదలుపెట్టిన నారపల్లి ఫ్లైఓవర్ ఏళ్ల తరబడి మొండి పిల్లర్లుగా నిలిచిన బాట అది.

మార్పిడికి అర్జీ పెట్టిన ప్రతి ప్లాటు వివరం, ఫీజు, కార్మికుల లెక్క వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. రోడ్డును ప్లానులో చూసి కాదు, టేపు పట్టి కొలిచి అనుమతి ఇవ్వాలి.